బియాంకో బిగించిన నట్టు

ఓత్రా బ్వెల్తా దె త్వెర్కా. హెన్రీ జేమ్స్ 1898లో రాసిన దయ్యాల నవలిక ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’కి అర్జెంటీనా రచయిత హోసె బియాంకో 1945లో పెట్టిన స్పానిష్ పేరు ఇది. మంచి అనువాదకుడి పనితనానికి సాక్ష్యం కావాలంటే మామూలుగా పుస్తకమంతా తిరగెయ్యాలి. బియాంకో విషయంలో అట్ట దగ్గర ఆగినా చాలు. స్పానిష్‌లోకి వెళ్ళిన ఇంగ్లీషు పుస్తకాల పేర్లలో బాగున్నవి చాలానే ఉన్నాయి. పైకి చదువుకుని, మళ్ళీ చదువుకుని, నోట్లో నానేసుకోవాలనిపించే పేరు మాత్రం నాకు ఇదొక్కటే.

పైకి చూస్తే ఇందులో అంత కష్టపడాల్సిందేముంది అనిపిస్తుంది. టర్న్, స్క్రూ రెండూ బడిపిల్లలకి కూడా తెలిసిన మాటలు. చిక్కంతా అక్కడే ఉంది. అరుదైన మాటకి అర్థం ఒకటే ఉంటుంది, దొరికితే పని అయిపోతుంది. రోజూ వాడే మాటకి అలా కాదు. టర్న్ అంటే తిప్పడం, దారి మలుపు, ఆటలో వంతు, ఒకరికి చేసిన మేలు, రంగస్థలం మీద ఒకరు వచ్చి చేసిపోయే అంశం, గుండె ఝల్లుమనడం. స్క్రూ అంటే మరమేకు. ఓడని ముందుకు తోసే పంకా కూడా అదే. పొగాకు కట్టిచ్చే కాగితప్పొట్లమూ అదే. జేమ్స్ కాలపు లండన్ వాడుకలో జీతాన్నీ, పిసినారినీ, జైలు కాపలావాణ్ణీ కూడా ఆ మాటతోనే పిలిచేవారు. ఈ రెండు మాటల్నీ జేమ్స్ కలిపినప్పుడు మిగతా అర్థాలన్నీ వెనక్కి తగ్గి ఒక్కటే ముందుకొస్తుంది: అప్పటికే బిగిసి ఉన్నదాన్ని ఇంకాస్త బిగించడం. ఆ నుడికారం వెనక ఉన్నది వడ్రంగి పని కాదు, బొటనవేళ్ళు నొక్కి నిజం చెప్పించే చిత్రహింస పనిముట్టు.

సరే, టర్న్‌కి స్పానిష్‌లో ఏం పెట్టాలి? నిఘంటువు వరసగా ఇస్తుంది. ‘తుర్నో’ అంటే వంతు, ‘బేస్’ అంటే సారి, ‘కుర్బా’ అంటే రోడ్డు వంపు, ‘హీరో’ అంటే గిర్రున తిరగడం, మాటల పోకడ, చివరికి మనియార్డరు కూడా. మరని తిప్పడం అనేసరికి ‘బ్వెల్తా’ తప్ప వేరే దిక్కు లేదనీ, కాబట్టి బియాంకో చేసిన ఎంపికేమీ లేదనీ అనుకోవచ్చు. నేను అలా అనుకోను. ఒక మాటని అవసరం కొద్దీ వాడటం వేరు, ఆ మాట వెంట తెచ్చే బలగం మొత్తాన్నీ తెలిసి ఇంట్లోకి పిలవడం వేరు. బ్వెల్తా వెంట వచ్చిన బలగం చూడండి.

బ్వెల్తా ‘బోల్బేర్’ అనే క్రియకి పుట్టిన మాట. బోల్బేర్ అంటే తిరిగి రావడం. ఈ కథలో జరిగేది అదే కదా. బ్లై అనే పల్లెటూరి బంగళాలో తల్లిదండ్రులు లేని ఇద్దరు పిల్లలు, మైల్స్, ఫ్లోరా. వాళ్ళని చూసుకోడానికి కొత్తగా వచ్చిన చిన్నవయసు పంతులమ్మ. ఆవిడకి ఇద్దరు కనిపిస్తుంటారు: చనిపోయిన నౌకరు పీటర్ క్వింట్, ఆవిడకి ముందు అదే ఉద్యోగం చేసి చనిపోయిన మిస్ జెసెల్. పోయినవాళ్ళు తిరిగొస్తున్నారు. ఇంగ్లీషు టర్న్‌లో ఈ తిరిగిరావడం లేదు, అది కావాలంటే ముందు మరో అక్షరం తగిలించాలి. స్పానిష్‌లో అది మాట కడుపులోనే ఉంది. మర తిరుగుతుంటే చచ్చినవాళ్ళ అడుగుల చప్పుడు దానంతట అదే వినిపిస్తుంది.

‘దార్ ఊనా బ్వెల్తా’ అంటే అలా ఓసారి తిరిగి రావడం, షికారు. క్వింట్ మొదటిసారి కనిపించే ఘట్టం ఏమిటి? వేసవి పొద్దు వాలుతోంది. పిల్లలు పడుకున్నారు. పంతులమ్మ ఒంటరిగా తోటలోకి షికారుకి వచ్చింది. ఉద్యోగమిచ్చిన లండన్ పెద్దమనిషి మీద ఆవిడకి మనసుంది. ఈ దారి మలుపులో ఎవరైనా ఎదురైతే, నవ్వి, నన్ను మెచ్చుకుంటే ఎంత బాగుండు అనుకుంటుంది. మలుపు అన్నచోట జేమ్స్ వాడింది టర్న్ అన్న మాటే. తలెత్తి చూస్తే బురుజు మీద మనిషి. ఆవిడ కోరుకున్న మనిషి కాడు. స్పానిష్‌లో వీధి మలుపు తిరగ్గానే అనడానికి కూడా ‘ఆ లా బ్వెల్తా’ అంటారు. అంటే ఆ సాయంత్రపు షికారూ, ఆ దారి మలుపూ, ఆ వచ్చినవాడి రాకా, మూడూ ఒక్క బ్వెల్తాలో ఒదిగిపోతాయి. ఇక ‘దార్లె బ్వెల్తాస్’ అంటే ఒక విషయాన్ని మనసులో అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చోవడం. తాను చూసింది నిజమేనా, పిల్లలకి తెలుసా, తెలిసీ దాస్తున్నారా అని పుస్తకం పొడుగునా ఆవిడ చేసే పని అదే. బియాంకో ఊరు బ్యూనస్ ఐరిస్‌లో ‘దె బ్వెల్తా’ అంటే మళ్ళీ అని కూడా.

ఈ మాటని ఆస్వాదించడంలో తెలుగువాడికి ఇంగ్లీషువాడి కన్నా ఒక సౌలభ్యం ఉంది. మన ‘తిరుగు’ అచ్చం ఇలాంటిదే. మర తిరుగుతుంది, మనిషి ఊరు తిరుగుతాడు, వెళ్ళినవాడు తిరిగొస్తాడు, చేసిన పనే తిరిగి చేస్తాం, తల కూడా తిరుగుతుంది. బ్వెల్తా నాకు ఎప్పుడూ పరాయి మాటగా వినిపించకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుంది.

ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వని ఇక్కడ ఎంత చక్కగా అతుకుతుందో! వాచ్యార్థం తిప్పడం. అది చెప్పడం అయిపోయాక, గంట కొట్టాక మిగిలే మోత లాగా, తిరిగిరావడమూ, షికారూ, మథనపడటమూ ఒకదాని వెనక ఒకటి వినిపిస్తాయి. నానార్థాలున్న మాటని అనువదించడమంటే అక్కర్లేని అర్థాలన్నీ తీసేసి కావలసింది ఒకటి పట్టుకోవడమని పాఠాల్లో చెప్తారు. మందు సీసా మీది చీటీకి ఆ సూత్రం సరే. కథకి చాలదు. మూలంలో ఉన్న అర్థం ఇవ్వగలిగిన మాటలు నాలుగుంటే, వాటిలో ఏ మాటకున్న మిగతా అర్థాలు కూడా ఈ కథకి పనికొస్తాయో ఆ మాటే సరైనది. బియాంకో పేరు చూసినప్పుడల్లా నాకు ఈ నమ్మకం గట్టిపడుతుంది.

ఇప్పుడు అసలు సాహసం దగ్గరికి వద్దాం. స్క్రూకి స్పానిష్ మాట ‘తోర్నీయో’. అందులో సందేహం లేదు, ఏ హార్డ్‌వేర్ కొట్టుకెళ్ళి అడిగినా అదే ఇస్తారు. ‘త్వెర్కా’ అంటే స్క్రూ కాదు, నట్టు. బోల్టుకి ఎక్కించే నట్టు. పనిముట్ల పెట్టె లెక్కన బియాంకో రాసింది తప్పు. ఇంత బాగా ఇంగ్లీషు వచ్చినవాడు, ఒక పత్రికని నడిపినవాడు, స్క్రూకీ నట్టుకీ తేడా తెలియక రాశాడా?

ముందు భాష సంగతి. ఒత్తిడి పెంచడాన్ని స్పానిష్‌వాళ్ళు ‘అప్రెతార్ లాస్ త్వెర్కాస్’ అంటారు, నట్లు బిగించడం. ఇంగ్లీషువాడు స్క్రూ బిగించేచోట స్పానిష్‌వాడు నట్టు బిగిస్తాడు. కాబట్టి నుడికారానికి నుడికారం సరిపోయింది. చాలామంది విమర్శకులు ఇక్కడితో తృప్తిపడతారు. కానీ తోర్నీయో పెట్టి ఉంటే ఏమయ్యేదో చూడాలి. ‘లె ఫాల్తా ఊన్ తోర్నీయో’ అని స్పానిష్‌లో ఒక మాట ఉంది. వాడికి ఒక స్క్రూ తక్కువ అని. మనం ‘స్క్రూ లూజు’ అంటామే, సరిగ్గా అదే. అట్ట మీద తోర్నీయో కనిపించిందంటే స్పానిష్ పాఠకుడి చెవిలో ముందు మోగేది పిచ్చి. అది కూడా నవ్వు పుట్టించే రకం పిచ్చి.

ఈ పుస్తకానికి అంతకన్నా పెద్ద ద్రోహం ఉండదు. పంతులమ్మ చూసినవి నిజంగా దయ్యాలా, ఆవిడ మనసు పుట్టించిన రూపాలా అన్నది జేమ్స్ ఎక్కడా తేల్చడు. 1934లో ఎడ్మండ్ విల్సన్ అనే అమెరికన్ విమర్శకుడు ఇదంతా ఆవిడ అణిచిపెట్టుకున్న కోరికల పనేనని పెద్ద వ్యాసం రాశాడు. దాని మీద వాదోపవాదాలు ఇప్పటికీ ఆగలేదు. త్రాసు రెండు తట్టలూ సమంగా నిలబెట్టడమే ఈ కథ ప్రాణమైనప్పుడు, పేరులోనే ఒక తట్టలో స్క్రూ వేసేస్తే ఎలా? త్వెర్కాలో ఆ పిచ్చి లేదు. నట్టు బిగిస్తుంది, అంతే. ఎవరికి బుర్ర సరిగ్గా లేదో చెప్పదు. క్షేమేంద్రుడు ఔచిత్యమన్నది ఇలాంటి చోట్లనే కొలవాలి: మాట ఏం చెప్పిందన్నదే కాదు, చెప్పకూడనిది చెప్పకుండా ఉందా అన్నది కూడా.

ఇక వస్తువు సంగతి. మరమేకు చెక్కలోకి దిగుతుంది, తొలుచుకుంటూ పోతుంది. నట్టు దేనిలోకీ దిగదు. బోల్టు చుట్టూ తిరుగుతూ, మధ్యలో ఉన్నదాన్ని రెండు వైపుల నుంచీ నొక్కుతుంది. మైల్స్‌నీ ఫ్లోరానీ ఎవరూ పొడవరు, కొట్టరు, గొంతెత్తి అరవరు కూడా. ఒకవైపు తిరిగొచ్చినవాళ్ళు, ఇంకోవైపు కాపాడతానంటూ దగ్గరికి లాక్కునే పంతులమ్మ. ఆ రెంటి మధ్యా పిల్లలు. అధ్యాయం గడిచేకొద్దీ ఆ మధ్య ఖాళీ తగ్గుతూ వస్తుంది. జేమ్స్ కథ నొక్కే కథ, పొడిచే కథ కాదు. ఆ బొటనవేలి పనిముట్టుని, స్పానిష్‌లో ఎంపుల్గేరాస్ అంటారు, మ్యూజియాల్లో ఉన్నవాటిని చూసినా సంగతి తెలుస్తుంది. కింద ఒక ఇనప పట్టీ, పైన ఒక ఇనప పట్టీ, మధ్యలో వేళ్ళు. నడుమ మరలున్న కడ్డీ. చాలావాటిలో ఆ కడ్డీ మీద తిప్పేది నట్టునే. ఒక్కో చుట్టుకీ పై పట్టీ ఒక వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. పనిముట్ల పెట్టె లెక్కన తప్పనిపించిన మాట చిత్రహింస గది లెక్కన అక్షరాలా సరిపోయింది.

ఇది బియాంకో అన్నీ ఆలోచించే చేశాడా, చెవి చెప్పినట్టు రాశాడా అని అడిగేవాళ్ళకి నా దగ్గర ఒక్కటే సమాధానం. చెవి ఊరికే రాదు. 1908లో బ్యూనస్ ఐరిస్‌లో పుట్టిన ఈ మనిషి, విక్టోరియా ఒకాంపో స్థాపించిన ‘సూర్’ పత్రికలో 1938 నుంచి 1961 దాకా సంపాదక బాధ్యత చూశాడు. ఇరవైమూడేళ్ళ పాటు ఇతరుల వాక్యాలు దిద్దిన చెయ్యి. అంతకన్నా ముఖ్యం, 1941లోనే ‘సోంబ్రాస్ స్వేలె బెస్తీర్’ అని ఒక పెద్ద కథ రాశాడు. అందులో హసింతా అనే ఆమె బతికుందో చనిపోయిందో తేలకుండానే కథ నడుస్తుంది. ఉందా లేదా అన్న అనుమానాన్ని కూలిపోకుండా నిలబెట్టడం ఎంత కష్టమో తన సొంత కథలో చేసి చూసినవాడు జేమ్స్ దగ్గరికి వెళ్ళాడు. ఏ మాట త్రాసుని వంచేస్తుందో అతనికి తెలియకుండా ఎలా ఉంటుంది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మొదటి మాట, ఓత్రా. ఇంకొక, మరొక. మూలం పేరులో ఈ మాట లేనే లేదు. అక్కడున్నవి రెండు ‘ది’లు, ఫలానా తిప్పు, ఫలానా స్క్రూ అని వేలు పెట్టి చూపించేవి. బియాంకో ఆ రెంటినీ తీసేసి ఓత్రా పెట్టాడు. స్వతంత్రించాడని అనొచ్చు, కానీ ఆ స్వతంత్రం పుస్తకం లోపలి నుంచే తెచ్చుకున్నాడు. కథ ఎలా మొదలవుతుంది? క్రిస్మస్ ముందు రాత్రి ఒక పాత ఇంట్లో పొయ్యి చుట్టూ చేరి దయ్యాల కథలు చెప్పుకుంటున్నారు. ఒకాయన ఒక చిన్నపిల్లవాడికి దయ్యం కనిపించిన కథ చెప్పాడు. అప్పుడు డగ్లస్ అనే ఆయన అందుకుంటాడు: పిల్లవాడుంటేనే కథ ఇంకో చుట్టు బిగిసిందే, మరి ఇద్దరు పిల్లలుంటే ఏమంటారు అని. అక్కడ జేమ్స్ రాసినది ఊరికే తిప్పు కాదు, ఇంకో తిప్పు. పుస్తకంలో ఈ నుడికారం వచ్చేది రెండేసార్లు, రెండుసార్లూ ‘ఇంకో’తోనే వస్తుంది. జేమ్స్ అట్ట మీద దాచిపెట్టినదాన్ని బియాంకో బయటికి తీసి అక్కడే పెట్టాడు.

దానివల్ల ఏమైంది? ఇంకో అన్నామంటే అప్పటికే ఒకటి జరిగిపోయిందన్నమాట. పాఠకుడు పుస్తకం తెరవక ముందే నట్టు కొంత బిగిసి ఉంది. ఎన్ని చుట్లు బిగిసిందో, ఎవరు బిగించారో తెలియదు. క్వింట్ బతికున్నప్పుడు ఆ ఇంట్లో ఏం జరిగింది, బడివాళ్ళు మైల్స్‌ని ఎందుకు పంపించేశారు, మిస్ జెసెల్ ఎలా పోయింది? కథలో మనకి పూర్తిగా ఎప్పటికీ అందనివన్నీ ఆ ముందటి చుట్లే. తరవాత వచ్చిన కొన్ని ముద్రణలు ‘ఊనా’ అని, అంటే ‘ఒక’ అని పెట్టుకున్నాయి. ఒక అనగానే ఆ గతమంతా పోయింది. మళ్ళీ మొదటి చుట్టు నుంచి మొదలుపెట్టినట్టయింది.

పైకి చదివినప్పుడు వచ్చే ఆనందం వేరే. మన పద్యంలో ప్రాస అంటే హల్లు కుదరాలి, అచ్చు ఏదైనా ఫరవాలేదు. స్పానిష్ జానపద గాథల్లో దీనికి పూర్తిగా తలకిందులు. చివరి ఊనిక దగ్గర నుంచి అచ్చులు కుదిరితే చాలు, హల్లులు వాటి ఇష్టం. బ్వెల్తా, త్వెర్కా. ‘ఎ’, ‘ఆ’, అచ్చులు రెండూ అవే. వాటి ముందున్న ‘వ’కార ధ్వని కూడా అదే. మూడు పెద్ద మాటలూ ‘ఆ’తోనే ముగుస్తాయి, మూడింటిలోనూ ‘త’ తగులుతుంది. ఏడు అక్షరాల పాదం. ఊనిక మొదటి అక్షరం మీద, మూడో అక్షరం మీద, ఆరో అక్షరం మీద పడుతుంది. తోర్నీయో పెడితే ఎనిమిది అక్షరాలయ్యేవి, అచ్చుల జోడు తెగిపోయేది, పేరు చివర మెత్తగా జారిపోయేది. త్వెర్కాలో ‘ర్క’ దగ్గర నాలుక ఆగుతుంది. మెలితిప్పడానికి స్పానిష్ క్రియ ‘తోర్సేర్’. మెలితిప్పుతుంది అనాలంటే ‘త్వెర్సె’. త్వెర్కా విన్న చెవికి ఆ మెలి కూడా వినిపించకుండా ఉండదు.

పోయినవి లేవని కాదు. టర్న్‌లో ఉన్న గుండె ఝల్లు బ్వెల్తాకి రాలేదు, స్పానిష్‌లో దానికి వేరే మాట ‘సుస్తో’. నాటకంవాళ్ళ టర్న్ కూడా పోయింది. దానికి నేను నిజంగా బాధపడతాను. 1895 జనవరి 5న జేమ్స్ నాటకం ‘గై డోమ్‌విల్’ లండన్‌లో మొదటి ప్రదర్శనలోనే గోలపాలైంది, తెర ముందుకొచ్చిన రచయితని ప్రేక్షకులు అరిచి పంపించారు. ఆ వారం తిరక్కుండానే కాంటర్‌బరీ ఆర్చిబిషప్ బెన్సన్ ఇంట్లో, చెడ్డ నౌకర్ల చేతిలో పడ్డ పిల్లల గురించి విన్న ముక్కే ఈ కథకి బీజం. బురుజు మీదా, కిటికీ అవతలా, సరస్సు ఒడ్డునా దయ్యాలు ఒక్కొక్కరే వచ్చి నిలబడి వెళ్ళే తీరులో రంగస్థలపు అలవాటు ఉంది. ఇంగ్లీషు పేరులో దాని ఛాయ కొంచెం ఆడుతుంది. స్పానిష్‌లో ఆడదు.

పంతులమ్మ ఉద్యోగం పేరులోనూ ఇలాగే ఒకటి జారిపోతుంది. ఇంగ్లీషు గవర్నెస్‌లో ఏలడం ఉంది. చూపుకి దగ్గరగా ఉన్న ‘గోబెర్నాంతా’ పెడదామంటే, స్పానిష్‌లో ఆ మాట వినగానే హోటల్లో గదుల శుభ్రత చూసే ఆవిడ గుర్తొస్తుంది. కాబట్టి ఎవరైనా ‘ఇన్‌స్తితుత్రీస్’ అనే రాయాలి. సరైన మాటే, గౌరవమైన మాటే. ఇరవై ఏళ్ళ పిల్లకి ఒక ఇంటి మీద పెత్తనం చేతికొచ్చిందన్న వేడి మాత్రం అందులో లేదు.

ఆ వేడి బ్వెల్తాలో ఎక్కడ తేలుతుందంటే, పుస్తకం చివర. ఇరవైరెండో అధ్యాయానికి ఫ్లోరా ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. పెద్ద భోజనాల గదిలో పంతులమ్మా మైల్సూ ఇద్దరే మిగులుతారు. అక్కడ ఆ నుడికారం రెండోసారి వస్తుంది. ఈసారి అంటున్నది కథ చెప్పేవాడు కాదు, ఆవిడే. మామూలు మనుషులకుండే మంచితనాన్నే ఇంకో చుట్టు బిగిస్తే చాలు, ఈ గండం దాటొచ్చని తనకి తాను ధైర్యం చెప్పుకుంటుంది. బిగించే చెయ్యి తనదేనని ఆవిడే ఒప్పుకున్న చోటు ఇది. ఇంగ్లీషు టర్న్ ఇక్కడ ఒకరు తిప్పితే తిరిగేది. బ్వెల్తా ఒకరు తిప్పేదీ అవుతుంది, పోయినవాడు తనంతట తాను తిరిగిరావడమూ అవుతుంది. విల్సన్ చెప్పినట్టు అంతా ఆవిడ చేతుల్లోనే ఉందా, క్వింట్ నిజంగానే వచ్చాడా అన్న రెండు చదువులకీ ఆ ఒక్క మాట చోటిస్తుంది. ఇంకో రెండు అధ్యాయాలకి కిటికీ దగ్గర క్వింట్ ముఖం కనిపిస్తుంది, పిల్లవాణ్ణి ఆవిడ గట్టిగా హత్తుకుంటుంది, మైల్స్ ఆ చేతుల్లోనే చనిపోతాడు. వాడి ప్రాణం తీసింది ఏ బ్వెల్తానో బియాంకో పేరు చెప్పదు. జేమ్స్ కూడా చెప్పలేదు.